సెకండ్ హ్యాండ్ పికప్ కొనబోతున్నాను, ఏమేం చూడాలో చెప్పండి

గోదారి గెల | మంగళవారం, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. మాది రావులపాలెం దగ్గర పల్లె. అరటి గెలలు కొని తుని, విశాఖ వైపు వేస్తుంటాను. ఇన్నాళ్లూ కిరాయి బండ్లతోనే నెట్టుకొచ్చాను. కార్తీకమాసం, పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే బండి దొరకదు, దొరికినా అడిగినంత ఇచ్చుకోవాలి. అందుకే ఈసారి సొంత పికప్ కొందామని గట్టిగా అనుకున్నాను. కొత్తది నా వల్ల కాదు. చేతిలో రెండున్నర లక్షలున్నాయి, మిగతాది ఫైనాన్స్.

ఒక బండి చూసి వచ్చాను. 2018 మోడల్, బీఎస్4, 1.7 టన్నుల లోడు మోసేది. మీటర్ మీద 96 వేల కిలోమీటర్లుంది. 5 లక్షల 20 వేలు చెబుతున్నారు. కొత్తగా రంగు వేయించారు, టైర్లు నాలుగూ బాగున్నాయి, ఒక్క సెల్ఫుకే స్టార్టయింది. నాకైతే నచ్చింది. కానీ మా బావమరిది "రంగు చూసి కొనకు బావా" అనడంతో టెన్షన్ మొదలైంది. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. నాకు డ్రైవింగ్ బాగా వచ్చు గానీ మెకానిజం అంతంత మాత్రమే.

షెడ్డు మనిషి | మంగళవారం, రాత్రి 10:15
తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు. ఆ బండి ఇన్నాళ్లూ ఏం లోడు మోసింది?

ఎంత తిరిగింది అని అందరూ అడుగుతారు. మీటర్ వెనక్కి తిప్పించడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఏం మోసిందో మాత్రం దాచలేరు, అది బండి ఒంటి మీదే కనిపిస్తుంది. తాడేపల్లిగూడెంలో ఇరవై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. పాలు మోసిన బండికి క్లచ్, ఇంజిన్ అరుగుతాయి, చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం మాత్రం గట్టిగా ఉంటుంది. రాయి, ఇసుక మోసిన బండికి కమాను కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలు), హౌసింగ్ (వెనక ఇరుసు, దాని గేర్లు ఉండే గుల్ల), చాసిస్ పోతాయి. చేపలూ రొయ్యలూ మోసిన బండి పైకి పెళ్లికొడుకులా ఉండి కింద తినేసి ఉంటుంది. నువ్వు ఆదివారం ఎక్కడ మొదలుపెట్టాలన్నది దాన్ని బట్టే.

గోదారి గెల | మంగళవారం, రాత్రి 10:32
అన్నా, నంబర్ ఏపీ37. ఓనర్‌ది భీమవరం అవతల. ఏం లోడు అని అడిగితే "ఐస్, కూరగాయలు, ఏది దొరికితే అది" అన్నారు.

షెడ్డు మనిషి | మంగళవారం, రాత్రి 10:36
భీమవరం అవతల ఐస్ అంటే రొయ్యలే. ఆ ఊళ్ల వాళ్లెవరైనా ఇక్కడుంటే వివరంగా చెప్పండి.

ఉండి కాలవ | బుధవారం, ఉదయం 6:20
నేనున్నాను. నాది రొయ్యల లైనే. 2022లో ఇలాంటి బండే ఒకటి కొని దెబ్బతిన్నాను, కాబట్టి దయచేసి ఇది పూర్తిగా చదవండి.

పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, గట్టు మీద ట్రేలు ఎక్కిస్తాం. ట్రేలో రొయ్యలు, పైన ఐసు. ఎక్కించినప్పటి నుంచి ప్లాంటులో దించేదాకా నీరు కారుతూనే ఉంటుంది. మామూలు నీరు కాదు, ఉప్పు నీరు. బాడీ అడుగు రేకు సందుల్లోంచి చాసిస్ మీదకు దిగుతుంది. బాడీకీ చాసిస్‌కీ మధ్య ప్యాకింగు ఉంటుంది చూడండి, అక్కడికి చేరిన తడి మూడు రోజులైనా ఆరదు. మరుసటి రోజు మళ్లీ పట్టుబడి. ఇలా నాలుగేళ్లు జరిగితే ఇనుము పొరలు పొరలుగా లేచి, గోటితో గీరితే అప్పడంలా రాలుతుంది.

నేను కొన్నప్పుడు కింద నల్ల రంగు నిగనిగలాడుతోంది. జాగ్రత్తగా వాడుకున్నాడనుకున్నాను. కొన్న రెండో నెలలో ఉండి దగ్గర కాలవ గట్టు మీద బ్రేకు వేస్తే పెడల్ సగం పైగా లోపలికి పోయింది. వెనక ఇరుసు మీదుగా వెళ్లే బ్రేక్ పైపు తుప్పు పట్టి పగిలింది. ముందు, వెనక లైన్లు వేరు కాబట్టి ముందు చక్రాలు పట్టాయి, బండి గట్టు అంచున ఆగింది. పక్క సీట్లో మా తమ్ముడున్నాడు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

కాబట్టి ఆదివారం ఒక పాత లుంగీ, టార్చి, స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి తీసుకెళ్లండి. సిగ్గుపడకుండా కింద పడుకోండి. వెనక కమాను కట్ట చాసిస్‌కు తగిలే బ్రాకెట్లు, చాసిస్ రెండు పక్కలనూ కలిపే అడ్డ మెంబర్లు, డీజిల్ ట్యాంకు పట్టీలు, ఇరుసు మీది బ్రేక్ పైపు, ఈ నాలుగు చోట్లా చూడండి. సుత్తితో మెల్లగా కొడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము దబ్‌మంటుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవరుతో పొడవండి. అప్పుడే వేసిన నల్ల రంగు కనబడితే దాని వెనక ఏముందో చూసేదాకా కదలకండి.

చీమకుర్తి రాయి | బుధవారం, ఉదయం 8:05
మా వైపు గ్రానైట్ పలకలు. 1.7 టన్నుల బండి మీద మూడు టన్నులు వేసేవాళ్లను రోజూ చూస్తాను. అలాంటి బండిని పట్టుకోవడం ఎలాగో చెబుతాను. వెనక కమాను కట్టల్లో పట్టీలు లెక్కపెట్టండి, ఎడమా కుడీ సమానంగా ఉన్నాయా చూడండి. ఒక పట్టీ మిగతావాటికన్నా కొత్తగా, మందంగా ఉంటే అది తర్వాత చొప్పించింది. ఖాళీ బండి చదునైన నేల మీద ఒక పక్కకు ఒరిగి నిలబడినా అనుమానించాల్సిందే. కమాను కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల మరలు మెరుస్తుంటే ఈ మధ్యే విప్పారని అర్థం.

తర్వాత చాసిస్. కమాను బ్రాకెట్టుకు అటూ ఇటూ జానెడు దూరంలో వెల్డింగ్ గీత కనబడిందంటే ఆ బండి జోలికి పోవద్దు. కంపెనీ రివెట్టు ఉండాల్సిన చోట బోల్టు ఉన్నా అంతే.

మదనపల్లె టమాటా | బుధవారం, ఉదయం 11:30
చీమకుర్తి అన్న మాటతో పూర్తిగా ఏకీభవించలేను. అదనపు పట్టీ ఉన్న ప్రతి బండీ ఓవర్‌లోడ్ బండి కాదు. మేం టమాటా క్రేట్లు ఎత్తుగా కడతాం, మలుపుల్లో ఊగకుండా ఒక పట్టీ వేయించుకునే వాళ్లు మా దగ్గర చాలామంది. బరువు మాత్రం పరిమితిలోనే ఉంటుంది. పట్టీ ఒక్కటే చూసి వద్దనుకుంటే మంచి బండి చేజారొచ్చు. పట్టీతో పాటు హౌసింగ్ దగ్గర ఆయిల్ కారడం, వెనక టైర్లు లోపలి అంచున అరగడం కూడా ఉంటే అప్పుడు అనుమానించండి.

మా ఘాట్ రోడ్డు అనుభవంతో ఇంకోటి. వెనక ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య చిన్న కడ్డీ ఉన్న వాల్వు చాలా బండ్లకు ఉంటుంది. లోడును బట్టి వెనక బ్రేకు ఎంత పట్టాలో అది చూసుకుంటుంది. కొందరు ఆ కడ్డీని తీగతో కట్టేస్తారు, లేదా ఊడపీకేస్తారు. ఖాళీ బండి వాన రోజు బ్రేకేస్తే వెనక చక్రాలు బిగుసుకుని తోక తిరుగుతుంది. భాకరాపేట ఘాటులో నా కళ్ల ముందే ఒక బండి అలా అడ్డం తిరిగింది.

చీమకుర్తి రాయి | బుధవారం, మధ్యాహ్నం 12:10
ఎత్తు లోడు సంగతి నాకు తోచలేదు, మీరన్నది నిజమే. వెల్డింగ్ గురించి మాత్రం నా మాట మార్చుకోను.

పాల వ్యాన్ నల్లగొండ | బుధవారం, రాత్రి 8:50
అన్నా, మీటర్ మీద 96 వేలు అన్నరు కదా. పెడళ్ల రబ్బర్లు చూడండి. నాది రోజుకు 140 కిలోమీటర్ల పాల రూటు, లక్ష దాటేసరికి క్లచ్ పెడల్ రబ్బరు మీది గీతలు కుడి అంచున మాయమైనయి. 96 వేలని చెప్పి రబ్బరు నున్నగా ఉంటే మీటర్ అబద్ధం. రబ్బరు సరికొత్తగా ఉన్నా ఎందుకు మార్చారో అడగండి. గేర్ నాబ్, స్టీరింగ్, డ్రైవర్ సీటు కుడి అంచు, డ్రైవర్ డోర్ కీలు కూడా అంతే. డోర్ సగం తెరిచి పైకి ఎత్తి చూడండి. పదేపదే ఎక్కి దిగి డెలివరీ ఇచ్చిన బండి డోర్ కిందా మీదా ఆడుతుంది.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైన టైరు. నాలుగు టైర్లకు నాలుగు తారీఖులుంటే తప్పేం లేదు గానీ, నాలుగూ అమ్మే ముందే మార్చారంటే పాత టైర్లు ఎట్లా అరిగినయో మనకు కనబడకూడదని కూడా కావచ్చు.

షెడ్డు మనిషి | గురువారం, రాత్రి 10:05
అందరూ బాగా చెప్పారు. ఇంజిన్ సంగతి నేను చెబుతాను. తమ్ముడూ, ఫోన్‌లో సేవ్ చేసుకో.

బండి రాత్రంతా ఆగి ఉండాలి. తెల్లారకుండానే వెళ్లు. వెళ్లగానే మాటల్లో పడకుండా బానెట్ మీద, తర్వాత రేడియేటర్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నీకంటే ముందే ఎవరో స్టార్ట్ చేశారు. చల్లగా ఉంటే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూడు. వేడి ఇంజిన్ మీద మాత్రం మూత తీయకు, ముఖం కాలుతుంది. కూలెంట్ రంగులో ఉండాలి. ఇటుక రంగు నీళ్లుంటే ఎన్నాళ్లుగానో బోరు నీళ్లు పోస్తున్నారు. పైన నూనె తేలుతుంటే, లేదా స్టార్ట్ చేశాక బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పని ఉంది.

ఇప్పుడు స్టార్ట్ చేయించు, నువ్వు సైలెన్సర్ దగ్గర నిలబడు. చలికి కాసేపు తెల్లటి ఆవిరి వస్తే ఫర్వాలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుంటే డీజిల్ చిమ్మే నాజిళ్లో, నీళ్లు లోపలికి దిగడమో. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో టర్బోనో. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దట్టంగా నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు, అది శుభ్రంగా ఉంటే నాజిళ్ల వైపు చూడాలి. కామన్ రైలు ఇంజిన్‌లో నాజిళ్లు, పంపు పోతే ఖర్చు చిన్నది కాదు, దానికోసమే బేరంలో మార్జిన్ ఉంచుకోవాలి.

ఇంజిన్ తిరుగుతుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అదే రంధ్రం మీద పెట్టు. కొంచెం వణికితే మామూలే. ఎగిరి పడిపోతే, రంధ్రంలోంచి పొగ బుస్సుబుస్సున కొడితే బ్యాక్ కంప్రెషన్ ఉంది. అంటే పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి కిందికి దిగుతోంది. అది హాఫ్ ఇంజినో ఫుల్ ఇంజినో విప్పాల్సిన బండి. ఆయిల్ నల్లగా ఉందని భయపడకు, డీజిల్ బండి ఆయిల్ తొందరగానే నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీలా ఉంటేనే భయపడాలి.

క్లచ్: హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్ వేసి మెల్లగా క్లచ్ వదులు. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతుంటే ప్లేటు అయిపోయింది. పెడల్ తొక్కితే శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్. తొక్కితే పోయి, వదిలితే వచ్చే శబ్దమైతే గేర్‌బాక్స్‌లో బేరింగ్, అది పెద్ద పని. రోడ్డు మీద మూడులోంచి రెండుకు దింపేటప్పుడు కర్రుమంటే సింక్రో రింగు అరిగింది.

కదిలేటప్పుడు కింద టక్‌మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిరిగే కడ్డీ) క్రాస్, అంటే దాని కీలు. అది చౌక పనే. 50 దాటాక వెనకనుంచి సన్నగా ఏడుపులా శబ్దం వచ్చి, యాక్సిలరేటర్ వదిలితే మారిపోతుంటే హౌసింగ్‌లో ఉండే క్రౌన్ పినియన్ గేర్లు అరుస్తున్నాయి. అది చౌక కాదు.

చివరిగా ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే మీ బావమరిదిని బ్రేక్ తొక్కమను. తొక్కినప్పుడు ఆట ఆగితే వీల్ బేరింగ్. అప్పుడు కూడా ఆడుతుంటే కింగ్ పిన్, లేదా కొన్ని మోడళ్లకు బాల్ జాయింటు.

బెజవాడ రైతుబజారు | గురువారం, రాత్రి 10:48
ఒకటి కలుపుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో కళ్లారా చూశాం. బాగుచేయించి అమ్మేసినవి ఇప్పుడు ఏ ఊళ్లో తిరుగుతున్నాయో ఎవరికి తెలుసు. అమ్మేవాళ్లు పైన కడుగుతారు, సీటు రైలు కింద ఉన్న బోల్టు గుంతలు కడగరు. అక్కడ మెత్తటి ఒండ్రు ఎండిపోయి ఉంటుంది. ఫ్యూజు బాక్సు, హెడ్‌లైటు లోపలి అంచు కూడా చూడండి. హౌసింగ్ ఆయిల్ బోల్టు కొంచెం వదులు చేయించి చూస్తే నీళ్లు కలిసిందీ లేనిదీ రంగులోనే తెలిసిపోతుంది.

ఆర్సీ కాగితం | శుక్రవారం, ఉదయం 9:15
మెకానిక్ పని నాకు రాదు, కాగితాల పని తెలుసు. ఆర్సీలో చాసిస్ నంబరుకూ బండి మీద కొట్టిన నంబరుకూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తుప్పు పట్టిన బండ్లలో ఆ నంబరు దగ్గర గీకిన గుర్తులుంటే వెనక్కి వచ్చేయండి. ఫైనాన్స్ తీరిందంటే నమ్మకండి, అప్పు తీరినట్టు ఇచ్చే ఫారం 35, ఫైనాన్స్ కంపెనీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) చూపించమనండి. ట్రాన్స్‌ఫర్‌కు 29, 30 ఫారాలు. బండికి 8 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, 2018 బండికి ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. చలాన్లు, క్వార్టర్లీ ట్యాక్సు బాకీలు డబ్బు ఇవ్వకముందే చూసుకోండి. ఇంకో మాట, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ39 సిరీస్ వచ్చింది కాబట్టి కొత్త బండ్లలో నంబరు చూసి జిల్లా చెప్పలేరు. ఏ వైపు తిరిగిందో ఆర్సీలో అడ్రసే చెప్పాలి.

గోదారి గెల | ఆదివారం, మధ్యాహ్నం 2:20
వెళ్లి వచ్చాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఐదున్నరకు చేరుకున్నాం. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "మీరొస్తున్నారని వేడి చేసి ఉంచాను" అన్నాడాయన. మా బావమరిదీ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. వేడి ఇంజిన్ కాబట్టి రేడియేటర్ ముట్టుకోలేదు. ఆయిల్ మూత బోర్లించి పెట్టాను. రెండు సెకన్లు గజగజలాడి బ్యాటరీ మీద పడింది. రంధ్రంలోంచి పొగ.

అప్పుడు లుంగీ పరిచి కింద పడుకున్నాను. మొత్తం నల్ల రంగు, ఇంకా వాసన వస్తోంది. కుడి వెనక కమాను బ్రాకెట్టు దగ్గర సుత్తితో కొడితే బాగానే మోగింది. దానికి ముందున్న అడ్డ మెంబరు మీద కొడితే మెత్తటి శబ్దం. స్క్రూడ్రైవరు పెట్టి కొంచెం నొక్కానంతే, దిగిపోయింది. లాగితే రంగు పొర వెంట ఎర్రటి పొడి నా కళ్లజోడు మీద రాలింది. ఫొటో తీశాను. క్లచ్ పెడల్ రబ్బరు కొత్తది, పక్కనున్న బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయింది.

ఆయన కోప్పడలేదు. 4 లక్షల 60 వేలకు ఇస్తానన్నాడు. ఆ 60 వేలు తగ్గేసరికి మనసు మళ్లీ లాగింది, నిజం చెబుతున్నాను. అన్నా, ఆ డబ్బుతో చేయించుకోవచ్చా?

షెడ్డు మనిషి | ఆదివారం, మధ్యాహ్నం 3:05
వద్దు తమ్ముడూ. ఇంజిన్ విప్పితే బాగవుతుంది, డబ్బుతో అయ్యే పనే. చాసిస్ అలా కాదు. ఒక చోట స్క్రూడ్రైవరు దిగిందంటే నీకు కనబడని చోట్లు ఇంకా ఉంటాయి. మెంబరు మార్చాలంటే బాడీ దించాలి, దించాక ఏం బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. నా షెడ్డుకు తెచ్చినా నేను ఆ పని ఒప్పుకోను. నువ్వు రెండు టన్నులకు దగ్గర లోడుతో అన్నవరం మీదుగా హైవే మీద వెళ్లే మనిషివి.

ఉండి కాలవ | ఆదివారం, మధ్యాహ్నం 3:40
నా తమ్ముడికి చెప్పినట్టు చెబుతున్నాను, వదిలేయండి.

గోదారి గెల | పది రోజుల తర్వాత, రాత్రి 9:00
ఆ బండి వదిలేశాను. నిన్న జంగారెడ్డిగూడెం దగ్గర ఇంకోటి చూశాను. 2017 మోడల్, మీటర్ మీద 1 లక్షా 88 వేలు. చూడ్డానికి ఏమీ బాగాలేదు, ఎడమ డోర్ నొక్కుకుపోయింది, రంగు వెలిసిపోయింది. కిరాణా హోల్‌సేల్ వాళ్లది. మొదటి నుంచీ ఒక్కడే డ్రైవరట, అతనే దగ్గరుండి చూపించాడు. సర్వీసు చిట్టీలు పాలిథిన్ కవరులో పెట్టి డాష్‌బోర్డులో దాచాడు, కిలోమీటర్లు వరసగా సరిపోయాయి.

తెల్లవారుజామున బానెట్ మంచుకు తడిసి చల్లగా ఉంది. స్టార్టవ్వడానికి రెండు సెల్ఫులు పట్టింది గానీ పొగ శుభ్రం. మూత అక్కడే వణుకుతూ నిలబడింది. కింద అంతా దుమ్ము, పాత గ్రీజు, కంపెనీ రంగు. చాసిస్ ఆ చివర నుంచి ఈ చివరి దాకా కొట్టాను, అంతా ఒకటే మోత. బ్రేక్ వాల్వు కడ్డీ దాని చోట అది ఉంది. తేడా వచ్చింది క్లచ్ దగ్గర. మూడో గేర్లో ఇంజిన్ ఆగలేదు. కదిలేటప్పుడు టక్ శబ్దం కూడా ఉంది. ముందు ఎడమ చక్రం ఆడింది, బ్రేక్ తొక్కితే ఆగింది.

4 లక్షల 45 చెప్పారు, క్లచ్ చూపించి 4 లక్షల 20కి ఒప్పించాను. 10 వేలు టోకెన్ ఇచ్చాను, ఫారం 35 చేతికి వచ్చాకే మిగతాది. అన్నా, క్లచ్ ప్లేటు ఒక్కటి మారిస్తే చాలా? పండగ లోపు బండి రోడ్డెక్కాలి.

షెడ్డు మనిషి | రాత్రి 9:25
మంచి బండి పట్టావు తమ్ముడూ. ప్లేటు ఒక్కటే కాదు, ఎలాగూ గేర్‌బాక్స్ దించుతున్నావు కాబట్టి ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా కలిపి మార్చెయ్. ఫ్లైవీల్ మీద వేలితో రాసి చూడు, గాడి తగిలితే ఫేసింగ్ చేయించు. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ చెమ్మగా ఉంటే అదీ అప్పుడే వేయించాలి, లేకపోతే ఆరు నెలలకు ఆయిల్ కారి కొత్త ప్లేటు మీద పడుతుంది. క్రాసులు రెండూ, ఎడమ చక్రం బేరింగు కూడా తెచ్చుకో. సామాను నువ్వే కొని తీసుకురా, బుధవారం పొద్దున్నే షెడ్డుకు వచ్చావంటే సాయంత్రానికి ఇచ్చేస్తాను.